తూము తలుపు ఎత్తొద్దన్నది నేనే

2022 మే నెల. విజయవాడలో ప్రభుత్వ నీటి పరీక్షల ల్యాబులో అనలిస్టుగా చేరి అప్పటికి పద్నాలుగేళ్లు. మా పని గురించి బయటివాళ్లకు పెద్దగా తెలియదు. కాలువల్లో, ఫ్యాక్టరీ గొట్టాల దగ్గర నీళ్లు పట్టుకొస్తాం, పరీక్షిస్తాం, వచ్చిన అంకెలు రాసి పైకి పంపుతాం. వాటిని చూసి ఏం చెయ్యాలో తేల్చేది వేరేవాళ్లు. నిజం చెప్పాలంటే ఆ ఏర్పాటు నాకు హాయిగానే ఉండేది.

డెల్టా చిట్టచివర, సముద్రానికి దగ్గరగా, చేపల వేట మీద బతికే ఒక పాలెం ఉంది. పొలాల మురుగునీటిని మోసుకొచ్చే డ్రెయిన్ ఆ పాలెం పక్కన వెడల్పై మడుగులా నిలుస్తుంది. అక్కడి నుంచి ఒక తూము దాటి ఉప్పుటేరులో కలుస్తుంది. ఉప్పునీళ్లు పొలాల వైపు ఎక్కకుండా ఎండాకాలమంతా తూము ఇనప తలుపు దించే ఉంచుతారు. మడుగు ఒడ్డునే, రొయ్యలు ఒలిచి విదేశాలకు పంపే ఫ్యాక్టరీ ఒకటి ఉంది. దాని గొట్టం మడుగులోకే తెరుచుకుంటుంది. శుద్ధి చేసిన నీళ్లే వదలాలన్నది షరతు. పాలెంలో సగంమంది ఆడవాళ్లు అక్కడే రొయ్యలు ఒలుస్తారు. ఊళ్లో తాగునీళ్ల ప్లాంటు కూడా ఆ ఫ్యాక్టరీ కట్టించిందే.

నెలకోసారి ఆ మడుగులో శాంపిల్ తీసే వంతు నాది. అలా పరిచయమైంది నాంచారమ్మ. యాభై ఏళ్లుంటాయి, చేపల గంప నెత్తిన పెట్టుకుని చుట్టుపక్కల ఊళ్లు తిరిగేది. కోడలు ఫ్యాక్టరీలో పని. నేను వెళ్లినప్పుడల్లా స్టూలు తెచ్చి చింతచెట్టు నీడన వేసి, "కూకోండి మేడంగారూ, ఆ నీళ్లు ఏడికీ పోవులే" అని నవ్వేది.

ఏప్రిల్ మధ్య నుంచి రెండు నెలలు సముద్రంలో వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమని ప్రభుత్వం పడవలు ఆపిస్తుంది. ఆ రెండు నెలలూ పాలేనికి మడుగే దిక్కు. జెల్లలు, మట్టగిడసలు, పీతలు. ఇంట్లోకి కూరా అదే, గంపలోకి సరుకూ అదే.

ఫ్యాక్టరీ అప్పుడప్పుడూ శుద్ధి చెయ్యకుండానే నీళ్లు వదిలేసేది. మడుగు నల్లబడేది. నీళ్లలో కరిగి ఉండే గాలిని మేము డిజాల్వ్‌డ్ ఆక్సిజన్ అంటాం, చేపలు పీల్చేది అదే. రొయ్యల తలలూ తొక్కలూ కుళ్లిన నీళ్లు దాన్ని మింగేస్తాయి. దీనికి పాలెంవాళ్ల దగ్గర ఒక ఉపాయం ఉంది. నీళ్లు నల్లబడగానే, సముద్రం పోటు మీద ఉన్న వేళ చూసి, నలుగురు చేరి తూము తలుపు ఎత్తేస్తారు. ఉప్పునీళ్లు లోపలికి తన్నుకొచ్చి మడుగును కడిగేస్తాయి. గంటకల్లా తలుపు దించేస్తారు. చేపలు బతుకుతాయి. నేను వెళ్లేసరికి నీళ్లు కొబ్బరినీళ్లలా ఉండేవి. అలా మూడుసార్లు ఉత్త చేతులతో తిరిగొచ్చాను. ఈసారి ఎలాగైనా పట్టుకోవాలని నాకు పంతం పట్టుకుంది.

మే నెలలో ఒకరోజు పొద్దున్నే ఆరింటికి నాంచారమ్మ ఫోన్.

"మేడంగారూ, మడుగు నల్లగా అయిపోయిందండీ. చేపలు నోళ్లు తెరుచుకుని పైకొస్తన్నయ్యి. పోటు ఎక్కతా ఉంది. తలుపు ఎత్తేస్తన్నారు మావోళ్లు."

"ఆగమ్మా, ఎత్తొద్దు" అన్నాను. "ఎత్తారంటే గొట్టం మూతి ఉప్పునీళ్లలో మునిగిపోతుంది. నాకు శాంపిల్ దొరకదు. నేను బయల్దేరుతున్నా. ఈ ఒక్కసారి ఆపండి, ఇక వాళ్లు మళ్లీ వదలకుండా చేద్దాం."

ఫోన్‌లో ఆమె వెనక మగవాళ్ల అరుపులు వినబడుతున్నాయి.

"మీరు వచ్చేదాకా బతుకుతయ్యంటారా?"

"వస్తున్నాగా" అన్నాను. అది ఆమె అడిగినదానికి జవాబు కాదని నాకు తెలుసు.

జీపులో తొమ్మిదింటికి చేరాను. తూము మీద పాలెం మగవాళ్లు చేతులు కట్టుకుని నిలబడి ఉన్నారు. ఎవరూ తలుపు ముట్టుకోలేదు. నా మాట మీద వాళ్లను ఆపింది నాంచారమ్మేనని తర్వాత తెలిసింది.

గొట్టం కనపడుతూనే ఉంది, కానీ వెంటనే నీళ్లు పట్టడానికి వీల్లేదు. కోర్టులో నిలబడేదాన్ని లీగల్ శాంపిల్ అంటాం. ముందు ఫ్యాక్టరీకి నోటీసు ఇవ్వాలి. బాధ్యుడు సంతకం పెట్టాలి. అతని ఎదుటే నీళ్లు పట్టి, రెండు భాగాలు చేసి, సీలు వెయ్యాలి. మేనేజరు నన్ను ఏసీ గదిలో కూర్చోబెట్టి కొబ్బరిబోండాం తెప్పించాడు.

"మా హెడ్డాఫీసుతో ఒక్క మాట మాట్లాడి వస్తానండీ" అని వెళ్లి గంటన్నర రాలేదు. కిటికీలోంచి ఉప్పుటేరు వెనక్కి తగ్గడం కనపడుతూ ఉంది. పోటు దిగిపోతోంది. చివరికి వచ్చి, "నాకు అర్జెంటు మీటింగుందండీ. మా సెక్యూరిటీ సూపర్‌వైజరు సంతకం పెడతాడు, ఏం పర్లేదు" అన్నాడు.

బాధ్యుడి సంతకమే కావాలని నాకు తెలియకపోలేదు. కానీ బయట మనుషులు నాకోసం ఎదురుచూస్తున్నారు. సూపర్‌వైజరు సంతకంతోనే నీళ్లు పట్టాను.

సీళ్లు వేసి తూము దగ్గరికి పరిగెత్తినట్టే వెళ్లాను. "ఇక ఎత్తండి" అన్నాను.

ఒక పెద్దాయన నా వంక చూడకుండానే, "ఇప్పుడెత్తితే ఉన్న నీళ్లు కూడా ఏట్లోకి పోతయ్యమ్మా. మళ్లీ పోటు చీకటి పడ్డాకే" అన్నాడు.

మధ్యాహ్నానికి మడుగు మీద తెల్లటి పొట్టలు తేలాయి. అరచేయంత పిల్లల దగ్గర్నుంచి మోచెయ్యంత జెల్లల దాకా. నాంచారమ్మ మోకాలి లోతు నీళ్లలో దిగి ఒక్కొక్కటే తీసి ఒడ్డున వేస్తోంది. అమ్మడానికి కాదు, కంపు కొట్టకుండా పూడ్చడానికి. నేను దగ్గరికి వెళ్తే తలెత్తి, "నీళ్లు దొరికినయ్యా అండీ?" అని మాత్రం అడిగింది. దొరికాయన్నాను. "ఆ, సరే" అంది.

రిపోర్టు ఎంత గట్టిగా రావాలో అంత గట్టిగా వచ్చింది. ఆక్సిజన్ దాదాపు సున్నా. ఆ కాగితం చూసుకుని సంతోషపడ్డాను, దాచుకోవడం దేనికి.

నాలుగు నెలలకు ఫైలు వెనక్కి వచ్చింది. నోటీసు అందుకున్న వ్యక్తి తమ అధీకృత ప్రతినిధి కాదని ఫ్యాక్టరీ లాయరు రాశాడు. మా లీగల్ సెక్షన్ ఒప్పుకుంది. శాంపిల్ చెల్లదు. ఎవరి మీదా కోప్పడటానికి లేదు. రూల్లో ఉన్నదే రాశారు, తప్పింది నేను.

ఆ మాట ఫోన్‌లో చెప్పే ధైర్యం లేక స్వయంగా వెళ్లాను. నాంచారమ్మ స్టూలు తెచ్చింది. శాంపిల్ చెల్లదన్న సంగతి చెప్పాను. అంతా విని, "అయితే ఆ చేపలు ఉత్తినే పోయినట్టేగా అండీ" అంది. తిట్టలేదు. "నా కోడలి పని పోకుండా చూడండి చాలు, ఆ రోజు మిమ్మల్ని పిలిచింది నేనేనని ఫ్యాక్టరీవోళ్లకు తెలిసిపోయింది" అంది. అది నా చేతిలో లేని పని. చూస్తానని చెప్పి వచ్చాను. సంక్రాంతి లోపే కోడల్ని మానిపించారు.

మరుసటి వేసవి, మామూలు నెలవారీ శాంపిల్ కోసం వెళ్లాను. తూము తలుపు ఎత్తి ఉంది. గొట్టం మూతి ఉప్పునీళ్లలో మునిగి ఉంది. గట్టు మీద నాంచారమ్మ, ఆమె పక్కన వల భుజాన వేసుకున్న కోడలు.

"పొద్దున నల్లబడిందా?" అని అడిగాను.

"నల్లబడిందండీ." నా కళ్లలోకి సూటిగా చూసింది. "ఈసారి మీకు ఫోన్ చెయ్యలేదు. చేపలు బతికినయ్యి."

స్టూలు తేలేదు. నేను సీసా ముంచి నీళ్లు పట్టుకుని వచ్చేశాను.

ల్యాబులో అంకె బాగా వచ్చింది. రిజిస్టర్లో 'సంతృప్తికరం' అని రాయాలి. రాశాను. ఫ్యాక్టరీ లైసెన్సు రెన్యువల్ ఫైలులో ఆ పేజీ నకలు పెట్టారని తర్వాత తెలిసింది. పాలెం మనుషులు చేతులు బొబ్బలెక్కేలా తలుపెత్తి కడిగిన నీళ్లు, నా సంతకంతో ఫ్యాక్టరీకి మంచిపేరు తెచ్చాయి. అప్పట్నుంచి శాంపిల్ తీసిన చోటల్లా, తూము తలుపు ఎత్తి ఉందా దించి ఉందా అన్నది రిజిస్టరు అంచున పెన్సిలుతో రాస్తున్నాను. దానికి కాలమ్ లేదని ఆఫీసులో అన్నారు. నకలు తీసేటప్పుడు ఆ అంచు మడిచి తీస్తారు.