కత్తెరక్క వేన్నీళ్లకు వెళ్లిన కథ

మా వీధిలో అందరూ ఆవిడను కత్తెరక్క అంటారు. నాకు తోటికోడలు, మా బావగారి భార్య. ముందు గదిలో కిటికీ పక్కన కుట్టుమిషను, దాని ఎదురుగా బట్ట కత్తిరించే బల్ల, తలపైన తీగ మీద వేలాడే జాకెట్లు. ఆవిడ రోజంతా ఆ గదిలోనే గడిచేది. తోటికోడళ్లంటే ఉప్పూ నిప్పూ అని లోకం నమ్మకం. మేమిద్దరం లోకాన్ని నిరాశపరిచాం. కొత్త కోడలిగా వచ్చి నేను బ్యాంకు పరీక్షకు చదువుతుంటే, నా వంట వంతు కూడా ఆవిడే చేసేది. "నువ్వు పుస్తకం ముందు కూర్చో అమ్మాయ్. నీ వంట తినే బాధ మాకూ తప్పుతుంది" అనేది. ఈరోజు నాకు ఉద్యోగం ఉందంటే అది ఆ చేతి చలవే.

బావగారు మంచివారే. కాకపోతే ఆయన దగ్గర ఒక సామెత ఉంది. ఇంటికి ఎవరొచ్చినా తన ఉద్యోగం సంగతంతా చెప్పి, చివర్లో మిషను వైపు గడ్డం ఊపి, "ఏదో, వేన్నీళ్లకు చన్నీళ్లు తోడు" అంటారు. ఆ చన్నీళ్లతోనే ఇద్దరు పిల్లల చదువులు గట్టెక్కాయని తెలిసిన నాకు ఒళ్లు మండేది. అక్క మాత్రం పెదాల మధ్య గుండుసూదులు పెట్టుకునే నవ్వేది.

అలాంటి మనిషికి కుడి భుజం పట్టేసింది. చెయ్యి భుజం ఎత్తు దాటి లేవదు. తీగ మీది జాకెట్టు అందదు, బల్ల మీద బట్ట పరవలేదు. మెడ దాకా వేన్నీళ్లలో ఉండి చెయ్యి ఆడించమన్నాడు డాక్టరు. మా ఇంట్లో ఉన్నది బకెట్టు, అందులో భుజం ఎక్కడ మునుగుతుంది? నెలలు చూసి, ఆఖరికి మిషను మీద పాత దుప్పటి కప్పేసింది. పక్క వీధిలో కొత్తగా కుట్టు మొదలుపెట్టిన ఒకావిడకు ఇచ్చేస్తానని మాట కూడా ఇచ్చేసింది. ఆ పూట ఆవిడ అన్నం సగంలో వదిలేసి లేచింది.

సరిగ్గా అప్పుడే నాకు విదేశయాత్రకు సెలవు దొరికింది, మా ఆయనకు దొరకలేదు. ఇంట్లో కూర్చుని ఆ దుప్పటిని చూస్తూ ఏం చేస్తావని అక్కను లాక్కెళ్లాను.

మేం దిగిన హోటలు వెనక వీధిలో, ఆరుబయట, ఊరందరికీ ఒక వేడినీళ్ల ఈతకొలను ఉంది. అది చూడగానే నాకు డాక్టరు మాట గుర్తొచ్చింది. "రేపు వేన్నీళ్లకు వెళ్దాం అక్కా" అన్నాను. తప్పు నాదే. మన ఇళ్లలో వేన్నీళ్లంటే ఒకటే అర్థం. కొలనులో దిగేముందు ఒళ్లు కడుక్కునే గదిలోకి వెళ్లిన మనిషి ఎంతకీ రాలేదు. తీరా వచ్చేసరికి చీర మళ్లీ కుచ్చిళ్లతో సహా కట్టుకుని, చేతిలో సబ్బుపెట్టెతో ఉంది.

"స్నానం హాయిగా ఉంది. చన్నీళ్లు కలపాల్సిన పని కూడా లేదు. ఇంక పద" అంది.

"ఇది కాదక్కా. అసలుది బయటుంది."

"మళ్లీనా? ఒక్క ఒంటికి రెండు స్నానాలేంటే?"

నేను కొన్న ఈతబట్టలు సంచిలోంచి తీశాను. మోచేతుల దాకా, మోకాళ్ల దాకా ఉన్నాయి. తిరగేసి కుట్టు చూసి, "చంక దగ్గర బాగా వదిలాడు" అని ఒప్పుకుంది. కుడిచెయ్యి మాత్రం నేనే తొడగాల్సి వచ్చింది.

బయట పళ్లు టకటకలాడే చలి. నీళ్ల మీద పొగలు. కమ్మీ పట్టుకుని ఒక్కో మెట్టూ దిగుతూ, "జారానంటే మీ బావగారికి నువ్వే చెప్పుకోవాలి" అని బెదిరించింది. మెడ దాకా మునిగాక కమ్మీ వదిలింది.

పక్కన ఒక ముసలావిడ మమ్మల్ని గమనిస్తోంది. ఆవిడ భాష మాకు రాదు, మా భాష ఆవిడకు రాదు. తన భుజం తట్టి, నొప్పా అన్నట్టు కనుబొమలెత్తింది. అక్క తలూపింది. ముసలావిడ తన చెయ్యి నీళ్లలో వదిలేసి చూపించింది, ఏమీ చెయ్యకు అన్నట్టు. అక్క అలాగే వదిలేసింది. చెయ్యి మెల్లగా తేలి, భుజం ఎత్తు దాకా వచ్చింది. ముసలావిడ దాని కింద అరచెయ్యి పెట్టి ఇంకొంచెం పైకి నడిపించింది.

"అమ్మాయ్, నేను ఎత్తట్లేదే. అదే లేస్తోంది" అంది అక్క. నాకు ఏడుపొచ్చింది, ఎలాగూ తడిసే ఉన్నాను కాబట్టి దాచుకోలేదు.

ఉన్నన్ని రోజులూ పొద్దున్నే అక్కడికే వెళ్లాం. చూడాల్సినవి సగం చూడలేదు. నాకేం దిగుల్లేదు. ఆఖరి రోజు ఒడ్డుకొచ్చాక అక్క ఆ ముసలావిడకు చేతులెత్తి దణ్ణం పెట్టింది. మాటవరసకు అనడం లేదు. నొప్పికి మొహం చిట్లించినా, రెండు చేతులూ తల దాకా లేచాయి.

గదికి రాగానే నా ఫోను లాక్కుని బావగారికి చేసింది.

"ఏమండీ, మిషను ఎవరికీ ఇవ్వడం లేదని పక్క వీధి ఆవిడకు చెప్పెయ్యండి. దుప్పటి తీసి కాస్త నూనె వేసి ఉంచండి."

అవతల ఆయన ఏదో అడిగారు.

"ఏముంది. ఇన్నాళ్లకు ఈ చన్నీళ్లకు వేన్నీళ్లు తోడొచ్చాయి" అని ఫోను పెట్టేసింది.