మహాపిడుగు ఎన్నో సంచికలో చనిపోయాడు?

ఆ రోజుల్లో, అంటే ఫోన్లో డేటాను నెయ్యిలా వేలికొసతో తీసి వాడుకునే రోజుల్లో, నేను పగలంతా నాగర్‌కర్నూల్‌లో ఒక జిరాక్స్ దుకాణంలో పనిచేస్తూ, మిగిలిన వేళల్లో విజ్ఞానసర్వస్వం రాసేవాణ్ణి. సర్వస్వం అంటే మరీ సర్వమూ కాదు. మహాపిడుగు అనే ఒకే ఒక్క కామిక్ వీరుడి గురించి, ఆయనంటే ప్రాణమిచ్చే పదిమందిమి కలిసి ఇంటర్నెట్‌లో పెట్టుకున్నది. (పదిమందిలో రాసేవాళ్లం ముగ్గురం, మెచ్చుకునేవాళ్లు ఏడుగురు. అంత మంచి నిష్పత్తి నాకు మళ్లీ ఎక్కడా దొరకలేదు.) దానికి పెద్దదిక్కు గద్వాలలో ఉండే ఒక లెక్కల సారు. ఆయన నియమం ఒక్కటే: ఏం రాసినా చివర ఎన్నో సంచిక, ఎన్నో పేజీ అని ఆధారం చూపాలి. మహాపిడుగు ఇడ్లీ తిన్నాడని రాసినా సరే, ఆధారం లేకపోతే వీరుడికి ఆ పూట పస్తే. అందుకే సారును మేం చాటుగా ‘ఆధారం సారు’ అనేవాళ్లం.

నా ఆధారాలన్నీ కొల్లాపూర్‌లో మా చిన్నాయన దుకాణంలో ఉండేవి. కిరాణా పెట్టకముందు ఆయన పుస్తకాలు కిరాయికి ఇచ్చేవాడు. చిరిగిపోకుండా ఆరారు కామిక్కులకు అట్టలు పీకేసి, కలిపి కుట్టి, గట్టి బైండు వేయించేవాడు. సంచిక సంఖ్య ఉండేదేమో అట్ట మీదే. అట్టలు పోయాక నాకు మిగిలింది కుట్టిన వరుస. మొదటి బైండులో మొదటిది ఒకటో సంచిక, రెండో బైండులో మొదటిది ఏడో సంచిక, ఇలా లెక్కబెట్టి ధైర్యంగా సంఖ్యలు వేసేశాను. ఆ లెక్కన మహాపిడుగు తొమ్మిదో సంచికలో లోయలో పడి చనిపోతాడు, పద్నాలుగులో పెళ్లి చేసుకుంటాడు, ఇరవై ఒకటిలో బడిలో చేరతాడు. దాన్ని నేను తప్పనుకోలేదు, లోతనుకున్నాను. ‘మహాపిడుగు పునర్జన్మలు’ అని పెద్ద వ్యాసమే రాశాను. ఏడుగురూ మెచ్చుకున్నారు. మావాడు ఎడిటర్ అయిండని మా అమ్మ వాడకట్టంతా చెప్పింది.

సారు మాత్రం ఫోన్ చేశాడు. “తమ్మీ, సచ్చినోడు బడికెట్ల పోతడు?”

ఆయన దగ్గరున్న నాలుగు అసలు సంచికలకూ నా సంఖ్యలకూ ఎక్కడా పొంతన లేదట. ఆదివారం తానే వచ్చి చూస్తానని, తేలకపోతే నా పేజీలన్నీ తీసేసి, రాసేవాళ్ల జాబితాలోంచి నా పేరూ కొట్టేస్తానని చెప్పాడు. రెండేళ్ల రాత. ఆ వారమంతా దుకాణంలో కాగితాలు తలకిందులుగానే పెట్టాను.

ఆదివారం సారు వనపర్తిలో బస్సు మారి కొల్లాపూర్‌లో దిగాడు. చిన్నాయన చాయ్ తెప్పించాడు. సారు బైండ్లు తిరగేసి, ఈ వరుస ఎవరు పెట్టారని మర్యాదగా అడిగాడు.

“నేనే సారూ. కత మొత్తం ఒక్కదాంట్లనే కుట్టిస్తే పోరగాండ్లు మల్ల ఎందుకొస్తరు? మొదలు ఒకదాంట్ల పెట్టిన, ఆఖరు ఇంకోదాంట్ల పెట్టిన.”

సారు నా వైపు తిరిగాడు. “నువ్వు రాసింది మహాపిడుగు చరిత్ర గాదు తమ్మీ. మీ చిన్నాయన దుకాణం చరిత్ర.”

పునర్జన్మల వ్యాసం అక్కడే, చాయ్ ఆరేలోపే పోయింది. (దానికి మాత్రం మళ్లీ జన్మ లేదు.) సారు సంచి తగిలించుకుని లేవబోతుంటే, పీకిన అట్టలు ఏంచేశావని చిన్నాయనను ఆఖరి ఆశగా అడిగాను. పారేస్తనా, లోపలి అర్ర గోడలకు అతికిచ్చిన, సున్నం తప్పింది అన్నాడాయన.

బియ్యం బస్తాలు జరిపి, సారు స్టూలెక్కి టార్చి కొట్టి ఒక్కో అట్ట మీద బొమ్మా సంఖ్యా చదివాడు. నేను కింద కూర్చుని బైండులో కథ వెతికి రాసుకున్నాను. సాయంత్రానికి ఒక్కటి తప్ప అన్నీ కుదిరాయి. మహాపిడుగు చనిపోయే కథ అట్ట చెమ్మకు సగం రాలిపోయింది, సంఖ్య ఉన్న సగమే. వరుసలో మిగిలిన సంఖ్య కూడా ఒక్కటే. తీసివేతలు వచ్చిన ఎవరైనా చెప్పేస్తారు. ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పిన మనిషి స్టూలు దిగి, చేతులు దులుపుకున్నాడు.

“సంఖ్య కనవడనిది మనం రాయం. సచ్చిండనేటందుకు ఆధారం లేదు” అన్నాడు.

పదేళ్లప్పుడు ఆ కథ చదివి రెండు పూటలు అన్నం మానేసిన నేను ఆయనకు తీసివేతలు నేర్పబోలేదు.

అలా నా పేరు జాబితాలో నిలిచింది. చూపు ఆనడం లేదని సారు ఆ పెద్దరికం ఇప్పుడు నాకే అప్పజెప్పాడు. మొన్న తెలకపల్లి నుంచి ఒకమ్మాయి, మహాపిడుగు చనిపోతాడు కదా సార్, మీరెందుకు రాయలేదు, ఆ పుస్తకం మా ఇంట్లో ఉంది అని రాసింది. అడ్డమైన లెక్కతో మనిషికి మూడు జన్మలిచ్చిన నేను, అట్ట చూసి ఎన్నో సంచికో చెప్పమని నిక్కచ్చిగా జవాబిచ్చాను. ఆ అట్ట ఊడిపోయి ఉండాలని రోజూ కోరుకుంటున్నాను.