చేతులు వెనక్కి కట్టుకునే ఆయన

గద్వాలలో కంప్యూటర్లు బాగుచేసే ఒక పెద్దాయన ఉండేవాడు. ఏ ఆపరేటింగ్ సిస్టం వేయాలో ఆయన నోటితో అడిగేవాడు కాదు. ఇంట్లో ఆ కంప్యూటర్ వాడే మనిషిని రప్పించి, కూర్చోబెట్టి, తన చేతులు వెనక్కి కట్టుకుని నిలబడేవాడు.

నాకు వనపర్తిలో ఉద్యోగం వచ్చింది. నేను పోయాక, చీరల అంచుల ఫొటోలను అమ్మ తనే తెరిచి చూసుకుని నేయాలి. అమ్మను వెంటబెట్టుకుని మా కంప్యూటర్‌ను ఆయన దగ్గరికి తెచ్చి, కాలేజీలో నాకు అలవాటైన విండోసే వేయమన్నాను, మెల్లగా.

"నువ్వు జర ఆగు బిడ్డా. అమ్మను కూసోనీ."

పక్కపక్కనే రెండు కంప్యూటర్లు. ఒకదాంట్లో విండోస్, ఇంకోదాంట్లో లినక్స్.

"ఖరాబ్ జేస్తనేమో అన్నా," అంది అమ్మ.

"చెయ్యమ్మా, బాగుచేసెటోణ్ని ఈడ్నే ఉన్న."

అమ్మ మగ్గం మీద దారం మోసే నాడెను మార్చినట్టు మౌసును కుడిచేతి నుంచి ఎడమచేతికి మార్చింది. ఆయన నవ్వలేదు, దిద్దలేదు. చివరికి రెండింట్లోనూ ఫొటో తెరుచుకుంది.

"ఈమెకు రెండోదే అల్కగ ఉంది," అన్నాడు.

నాకు తేడా కనబడలేదు. సిగ్గు పక్కనపెట్టి, ఎట్ల తెలిసిందని అడిగాను.

"నువ్వు తెర దిక్కు చూస్తున్నవ్, అందుకే తెల్వలే. మొదటి దాంట్ల అమ్మ నీ మొకం ఆరుసార్లు చూసింది. రెండో దాంట్ల ఒక్కసారే. అది గూడ ఫొటో తెరుచుకున్నంక."