పెన్సిలు కింది చెంప

ఆ వీధిలో ఎవరి ముఖం అసలు ఎలా ఉండేదో తెలిసిన మనిషి ఒక్కతే, టచింగ్ పెద్దమ్మ. భర్త ముందు గదిలో ఫోటోలు తీస్తే, ఈవిడ వెనక గదిలో కిటికీ పక్కన కూర్చుని, నెగటివ్‌ను వెలుగుకు నిలబెట్టి, సూదిలా చెక్కిన పెన్సిలుతో మచ్చలూ ముడతలూ మాయం చేసేది. నెగటివ్‌లో అంతా తారుమారు కదా, మచ్చ ఉన్నచోట పల్చగా, తెల్లగా ఉంటుంది. అక్కడ పెన్సిలు అద్దితే ఫోటోలో చర్మం నున్నగా వస్తుంది. అదే టచింగ్. "దేవుడు హడావుడిలో వదిలేసిన పని నా నెత్తిన పడింది" అనేది. గొప్పలకేం తక్కువ లేదు లెండి.

భర్త పోయాడు, స్టూడియో మూతపడింది. ముందు గదిలో ఇప్పుడు సెల్‌ఫోన్లు బాగుచేస్తున్నారు. వెనక గది మాత్రం ఆవిడ వదల్లేదు. గోడ పొడుగునా బిస్కెట్ డబ్బాలు, డబ్బాల నిండా ఊరి ముఖాలు. "ఆ చెత్తంతా ఎందుకమ్మా" అని కొడుకు అన్నాడంటే చాలు, ఇంతెత్తున లేచేది.

"చెత్తా? మీ మామగారి పెళ్లినాటి జుట్టు ఇందులో తప్ప ఇంకెక్కడుందిరా?"

మధ్యాహ్నం ఎండ కిటికీలోంచి వాలేసరికి ఆ డబ్బాల మధ్యే ఆవిడకు కునుకు పట్టేది. ఆ కునుకులో ముఖాలన్నీ ఒక్కొక్కటే వచ్చి కూర్చునేవట. ఎవరి పుట్టుమచ్చ వాళ్లు అరచేతిలో పట్టుకుని, "ఇది ఎక్కడ పెట్టుకోమంటావు పెద్దమ్మా?" అని అడిగేవట. ఆవిడకు జవాబు దొరికేలోపే మెలకువ వచ్చేసేది.

అలాంటి మధ్యాహ్నమే నర్సమ్మ వచ్చింది. పెద్దాసుపత్రిలో పని, నలభై దాటిన మనిషి. చేతిలో వాళ్లమ్మ ఫోటో, పూర్తిగా వెలిసిపోయింది.

"వెనక మీ స్టూడియో నంబరుంది పెద్దమ్మా. నెగటివ్ గానీ ఉంటే..."

"ఉంటే ఏమిటి, ఉంటుంది."

డబ్బా దించి వెతుకుతుంటే నర్సమ్మ మెల్లగా చెప్పుకొచ్చింది. తనకు మూడేళ్లప్పుడు అమ్మ పోయింది. గుర్తున్నది ఒక్కటే. నిద్రపోయే ముందు అమ్మ చెవి కింద ఒక చిన్న గుంటలో తను వేలు పెట్టుకునేది.

"నాన్న కూడా పోయాడు. మిగిలిన చుట్టాలకు ఈ ఫోటోనే తెలుసు. అంత నున్నటి చెంపలో గుంటేమిటి, కలగన్నావులే అంటారు. ఇప్పుడు నాకే అనుమానంగా ఉంది. అది కూడా కలే అయితే, మా అమ్మ నాకసలు లేనట్టే కదా పెద్దమ్మా!"

పెద్దమ్మ దొరికిన నెగటివ్‌ను ఏటవాలుగా ఎండలో పట్టింది. చెవి కింద పెన్సిలు పొర సన్నగా మెరిసింది. తన చేతి పనే. ఎంత నాజూగ్గా చేసింది! ఆ చేతిని మెచ్చుకోవాలో తిట్టుకోవాలో తోచలేదు.

"ఇక్కడ నేనేదో కప్పానమ్మా. గుంటో, మొటిమో, ఒట్టి నీడో గుర్తులేదు. తుడిస్తే తెలుస్తుంది. కానీ పాతది. పైపొర లేచిందంటే చెంప కూడా పోతుంది. ముందు నీ ఫోన్లో ఒకటి తీసిపెట్టుకో."

నర్సమ్మ తీసుకుంది. "ఇది మీరు దిద్దిన అమ్మ. ఈవిడను ఇన్నేళ్లూ చూశాను. తుడవండి."

పెద్దమ్మ దూదికి చుక్క టర్పెంటైన్ అద్ది, ఊపిరి బిగబట్టి రాసింది. దూది నల్లబడింది. జుట్టు దగ్గర పొర చిట్లింది. "అయ్యయ్యో!" చేయి ఆగిపోయింది. నర్సమ్మ ఆ మణికట్టును మెత్తగా పట్టుకుంది, సూదిమందుకు భయపడేవాళ్ల చేయి పట్టుకున్నట్టు.

"ఏం కాదు. ఇంకొక్కసారి."

ఇంకొక్కసారి రాసి, కిటికీకి ఎత్తి పట్టింది. చెవి కింద ఆవగింజంత తెరిపి. దానిలోంచి ఎండ తిన్నగా గదిలోకి వస్తోంది. భూతద్దంలో చూస్తే గుండ్రటి గుంట, అనుమానమే లేదు. పాడు అలవాటు, పెద్దమ్మ చేయి పెన్సిలు కోసం పోయింది. రెండో చేత్తో దానిమీద ఒక్కటి వేసుకుంది.

నర్సమ్మ ఏడుస్తూ నవ్వుతోంది. చూపుడువేలు లేచింది గానీ, ఎక్కడ పెట్టాలో తెలియక గాల్లోనే ఉండిపోయింది. నెగటివ్ మీద వేలు పెట్టినవాళ్లను జీవితమంతా చెడామడా తిట్టిన పెద్దమ్మ, ఈసారి తిట్టలేదు. నెగటివ్ పక్కనపెట్టి, తన చెంపను ముందుకు వంచింది.

"ఇక్కడ పెట్టుకో తల్లీ."

వేలు ఆవిడ చెవి కింద ఆనింది. నర్సమ్మ కళ్లు మూసుకుంది.

"ఇక్కడే పెద్దమ్మా. కల కాదు."