"తెలుస్తోందా?" అని అడిగే సలోమీ మేడమ్

మొన్న మధ్యాహ్నం మా ఫిజియోథెరపీ గదిలో ఎవరో క్యారేజీ మూత తీశారు. చింతచిగురు రొయ్యల కూర వాసన గుప్పుమంది. అంతే, నా చేతిలో పని ఆగిపోయింది. ఆ కూరంటే ప్రాణం పెట్టే సలోమీ మేడమ్ పోయి చాలా కాలమైంది. అయినా తలుపు తోసుకుని వచ్చి, "ఏం తల్లీ, నాకుంచారా, ఊడ్చేశారా?" అంటారేమోనని అటే చూశాను.

మేడమ్‌ది దివిసీమ. బందరులో మా ఆసుపత్రిలో, వెన్నుపాము దెబ్బతిన్నవాళ్ళ కోసం ఒక పరిశోధన నడిపేవారు. కొత్త ఇంజక్షన్ ఒకటి వెన్నులోకి ఇస్తే పోయిన స్పర్శ తిరిగి వస్తుందా, రాదా అన్నది తేల్చాలి. నేను అప్పుడే చదువు ముగించి ఆవిడ దగ్గర చేరాను. ఇంజక్షన్ తీసుకున్నవాళ్ళ ఇళ్ళకు నెలనెలా వెళ్ళేవాళ్ళం. కళ్ళు మూసుకోమని, కాళ్ళ మీద అక్కడక్కడా దూది ఆనించి "తెలుస్తోందా?" అని అడిగేవాళ్ళం.

పెదపారుపూడి దగ్గర ఒక ఊళ్ళో ఏసుబాబు ఉండేవాడు. తాటిచెట్టు మీంచి పడ్డాక నడుము కింద అతనికేమీ తెలిసేది కాదు. ఇంజక్షన్ ఇచ్చిన కొన్నాళ్ళకు, పాదం దగ్గర "తెలుస్తోందండీ" అనడం మొదలుపెట్టాడు. అన్నప్పుడల్లా పక్కనున్న భార్య కరుణమ్మ "ప్రభువా!" అని చేతులు జోడించేది. నాకసలే ఊరికే కళ్ళనీళ్ళొస్తాయి. గుడివాడ బస్సులో దారిపొడుగునా మురిసిపోయాను. మేడమ్ మాత్రం కిటికీలోంచి వరిచేలు చూస్తూ కూర్చున్నారు.

"మీకు సంతోషంగా లేదా మేడమ్?"

"ఎందుకు లేదూ? నాకున్నంత ఆశ ఇంకెవరికుంటుంది? అందుకేనే భయం."

తర్వాతి నెల వెళ్ళినప్పుడు, మంచినీళ్ళు తెమ్మని కరుణమ్మను లోపలికి పంపారు. ఏసుబాబు కళ్ళు మూసుకున్నాడు. మేడమ్ దూది చేతిలోనే ఉంచుకుని, ఎక్కడా ఆనించకుండా అడిగారు.

"తెలుస్తోందా బాబూ?"

"తెలుస్తోందండీ. బొటనవేలి దగ్గర."

మేడమ్ కోప్పడలేదు. అతని చెయ్యి పట్టుకుని, "నేను ముట్టుకోలేదయ్యా" అన్నారు.

అతను కళ్ళు తెరవలేదు. "దాని మొహం చూళ్ళేకపోతున్నానండీ. నేను తెలుస్తోందన్న రోజే అది కడుపునిండా తింటది" అన్నాడు.

"నిజమే నాయనా. కానీ నీ మాట నమ్మి ఈ మందు పనిచేస్తోందని మేం చెప్పామనుకో, రేపు ఇంకెవరి వెన్నులోనో ఇదే గుచ్చుతారు. వాళ్ళింట్లోనూ ఒక కరుణమ్మ ఉంటుందిగా."

ఏసుబాబు కళ్ళు తెరిచి, తనే భార్యను కేకేశాడు. ఆమె గ్లాసు పట్టుకుని వచ్చి నిలబడింది. అతను గోడకేసి చూస్తూ, "నాకేం తెలీట్లేదే. ఇన్నాళ్ళూ అబద్ధం చెప్పా" అన్నాడు.

కరుణమ్మ ఏడవలేదు. "తెలుసులే" అంది. "రోజూ కాళ్ళు కడిగేదాన్ని, నాకు తెలీదా? మొన్న గోళ్ళు తీస్తా వేలు కోసేశా. రక్తం కారతా ఉంటే నువ్వు కిమ్మనకుండా పేపరు చదువుకుంటన్నావు. నీకెక్కడ ఆశ చచ్చిపోద్దోనని నేనే ప్రభువా, ప్రభువా అంటన్నా."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ముందు ఏసుబాబుకే నవ్వొచ్చింది. ఆ తర్వాత ఎవరు నవ్వుతున్నారో, ఎవరు ఏడుస్తున్నారో తెలియలేదు. మేడమ్ మాత్రం చెంగు నోటికి అడ్డం పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చారు.

అతను అంతకుముందు చెప్పినవేవీ లెక్కలోకి తీసుకోవద్దని మేడమ్ అందరికీ చెప్పేశారు. చివరికి ఆ ఇంజక్షన్ పనిచెయ్యదనే తేలింది. పరిశోధన ముగిశాక కూడా ఆవిడ ఆ ఇంటికి వెళ్ళడం మానలేదు. "ఇంకా ఏం అడగడానికొచ్చారండీ?" అని ఏసుబాబు ఆటపట్టిస్తే, "ఎలా ఉన్నారని అడగడానికి" అనేవారు.

ఇప్పుడు నేను వేరే మందు మీద పనిచేస్తున్నాను. పరీక్షకు ముందు, "తెలియకపోతే తెలియదనే చెప్పండి, మాకు అదీ కావాలి" అంటాను. ఎవరైనా "తెలియట్లేదండీ" అన్నప్పుడల్లా లోపల కలుక్కుమంటుంది, ఇన్నేళ్ళయినా. గొంతు మాత్రం మారనివ్వను. "సరేనండీ, వచ్చే నెల మళ్ళీ వస్తాను" అంటాను. అన్నాక, ఆ నెల తప్పకుండా వెళ్తాను.