చమేలీకి ఇల్లు వెతుకుతూ హత్నూర దాకా

పటాన్‌చెరు నుంచి సంగారెడ్డి మీదుగా హత్నూరకు నేను చాలాసార్లు వెళ్లాను. బస్సులో వెళ్లాను, స్కూటరు వెనక కూర్చుని వెళ్లాను, ఈ మధ్య మా అబ్బాయి కారులోనూ వెళ్లాను. ముత్తంగి దగ్గర రింగు రోడ్డు దిగి తిన్నగా పోతే ఇప్పుడు గంటన్నర కూడా పట్టదు. కానీ ఆ దారి అంతా నాకు కంఠతా వచ్చింది డెబ్బైల మొదట్లో, ఒక ఆడగుర్రాన్ని పట్టుకుని రెండు రోజులు నడిచినప్పుడు. ఈ మధ్య కొందరు పాఠకులు, దిక్కులేని గుర్రాలను తెచ్చి పెంచుకోవాలనుకుంటున్నామని, అలాంటి ప్రయాణం మీరెప్పుడైనా చేశారా అని అడిగారు. అందుకే ఇది రాస్తున్నాను.

మాది తెనాలి దగ్గర పల్లెటూరు. నాన్నకు పటాన్‌చెరు దగ్గరి పెద్ద కార్ఖానాలో ఫిట్టరు ఉద్యోగం రావడంతో అందరం ఇటు వచ్చేశాం. నాన్న వెనకే ఆయన తమ్ముడు సుబ్బారావు బాబాయి కూడా వచ్చి అదే కార్ఖానాలో క్రేను నడిపేవాడు. అప్పటికి నేను డిగ్రీ ముగించి కార్ఖానా టౌన్‌షిప్పు బడిలో టీచరుగా చేరాను. మా వైపు జట్కా అనే బండిని ఇక్కడ టాంగా అంటారు. మేము వచ్చిన కొత్తలో పటాన్‌చెరు బస్టాండు ముందు టాంగాలు వరసగా నిలబడి ఉండేవి. షిఫ్టు బస్సులూ ఆటోలూ పెరిగేకొద్దీ వాటికి గిరాకీ పడిపోయింది. బండినైతే విప్పి కట్టెల కింద అమ్ముకోవచ్చు, గుర్రానికి మాత్రం రోజూ మేత పెట్టాలి. పెట్టలేని వాళ్లు కొందరు దాన్ని బొంబాయి రోడ్డు మీదకు తోలేసి వెళ్లిపోయేవారు. అలా లారీ తగిలి ముత్తంగి దగ్గర గుంటలో పడి ఉన్న ఒక గుర్రాన్ని బాబాయి డ్యూటీ నుంచి వస్తూ చూశాడు. సైకిలు అక్కడే పడేసి, పశువుల డాక్టరును వెంటబెట్టుకొచ్చి, దానికి కట్లు కట్టించాడు. పటేల్‌గూడలో ఒకాయన ఖాళీ స్థలంలో రేకుల షెడ్డు వేసి దాన్ని ఉంచాడు. ఆ కబురు నలుగురికీ తెలిసి ఒకదాని వెనక ఒకటి గుర్రాలు రావడం మొదలైంది.

అన్నిటినీ ఉంచుకునే స్తోమత బాబాయికి లేదు. కాస్త కోలుకోగానే వాటికి ఇళ్లు చూసేవాడు. పెళ్లి సంబంధాలకు కూడా అంత తిరగరని మా పిన్ని నవ్వేది. అడిగిన వాళ్లింటికి ముందు తనే వెళ్లి, ఒక పూట ఉండి, నీళ్లెక్కడ, నీడెక్కడ, ఇంట్లో గొంతు పెద్దది ఎవరిది, అన్నీ చూసుకుని వచ్చేవాడు. పిల్లల అల్లరికి బెదిరే గుర్రాన్ని ఒక మామిడితోట కాపలాదారుకు ఇచ్చాడు. ఒంటరిగా ఉంటే మేత ముట్టని దాన్ని గేదెలున్న ఇంటికి ఇచ్చాడు. ఆ గుర్రం గేదెల పక్కనే పడుకుంటోందని, నెమరు వేయడం ఒక్కటే తక్కువని ఆ ఇంటాయన చెప్పి నవ్వాడు.

చివరికి చమేలీ ఒక్కతే మిగిలింది. దాని యజమాని ముసలితనంలో బీదరులో ఉన్న కూతురి దగ్గరికి వెళ్లిపోతూ బాబాయికి అప్పగించాడు. ఎర్రటి ఒళ్లు, నుదుట తెల్లటి మచ్చ, తల్లిలాంటి నెమ్మది. ఒక్కటే చిక్కు. దారిలో ఎవరు చెయ్యి ఎత్తినా ఆగిపోయేది. ఏళ్ల తరబడి టాంగా లాగిన అలవాటు. ఈ కారణంగానే అప్పటికే రెండు ఇళ్ల నుంచి తిరిగి వచ్చింది. ఇంతలో పటేల్‌గూడ స్థలం ఆయన ప్లాట్లు వేసుకుంటానని, ఆ నెలాఖరుకల్లా షెడ్డు తీసేయమని చెప్పాడు. ఇటుక బట్టీల కాంట్రాక్టరు ఒకడు చమేలీని తోలుకుపోతానని రెండుసార్లు వచ్చి వెళ్లాడు. బట్టీల్లో బరువులు మోసే గుర్రాల వీపులు ఎలా ఉంటాయో మేము చూసినవాళ్లమే. సంగారెడ్డిలో ఒకరు, హత్నూరలో ఒకరు గుర్రం కావాలని కబురు పెట్టి ఉన్నారు. చమేలీ లారీ ఎక్కదు. ముందుగా వెళ్లి చూసొచ్చే వ్యవధీ లేదు. అందుకని నడిపించుకుని వెళ్దామన్నాడు బాబాయి. బడికి సెలవులు కాబట్టి నేనూ బయలుదేరాను.

తెల్లవారుతుండగా పటేల్‌గూడలో కదిలి, ఎండ రాకముందే పటాన్‌చెరు దాటాం. అప్పటి బొంబాయి రోడ్డుకు రెండు వైపులా చింతచెట్లు, వేపచెట్లు ఉండేవి. చెట్ల సందుల్లోంచి కొత్త కార్ఖానాల గొట్టాలు కనిపించేవి. ముత్తంగి దగ్గర బస్సు కోసం నిలబడ్డ ఒకామె మా వెనక దూరంగా వస్తున్న బస్సును చూసి చెయ్యి ఎత్తింది. చమేలీ టక్కున ఆమె ముందు ఆగింది. బస్సేమో ఆగకుండా పోయింది. ఆమె కోపంగా గుర్రం వంక చూసి, వంకాయల గంప దాని వీపు మీద పెట్టేసింది.

"నీ గుర్రం అడ్డమొచ్చి నా బస్సు పోయింది. ఇగ ఇస్నాపూర్ దాకా నువ్వే తీస్కపో," అంది.

"అలాగే తల్లీ, పద," అన్నాడు బాబాయి.

ఆమె మా పక్కనే నడుస్తూ, ఇస్నాపూర్ చేరేలోపు తన కోడలి సంగతులన్నీ చెప్పేసింది. దిగబెట్టినందుకు రెండు వంకాయలు చమేలీ నోటికి అందించబోతే, గుర్రానికి పడవేమోనని బాబాయి కంగారుగా వాటిని అందుకుని నా సంచిలో వేశాడు. అక్కడి హోటల్లో చాయ్ తాగి, రుద్రారం గణపతి గుడి దగ్గర నీడన కూర్చుని పిన్ని కట్టిచ్చిన పులిహోర తిన్నాం. కంది దాటి సంగారెడ్డి చేరేసరికి పొద్దు వాలింది.

సంగారెడ్డిలో గుర్రం అడిగినాయన ఖాసిం భాయ్. పెళ్లి ఊరేగింపులకు గుర్రాలను కిరాయికి ఇచ్చేవాడు. ఇంటి వెనక రెండు తెల్ల గుర్రాలు నిగనిగలాడుతున్నాయి. తొట్టిలో నీళ్లు తేటగా ఉన్నాయి, కింద పొడి గడ్డి పరిచి ఉంది. బాబాయి మొహం విప్పారింది. చమేలీ అలవాటు సంగతి దాచకుండా చెప్పాడు. ఖాసిం భాయ్ దాని మీద జరీగుడ్డ వేసి, గల్లీలోకి తీసుకెళ్లి, ఇరుగుపొరుగు వాళ్లను చేతులెత్తి ఎగరమన్నాడు. చమేలీ ఒక్కొక్కరి ముందూ ఆగి, ఎక్కండి అన్నట్టు నిలబడింది. గల్లీ అంతా నవ్వులు.

"అరే భాయ్, బారాత్‌ల అందరు చేతులెత్తే ఎగురుతరు. గిది అందరి కాడ ఆగితే దుల్హా పెండ్లి ఇంటికి ఎప్పుడు చేరాలె?" అని తనూ నవ్వాడు ఖాసిం భాయ్. "అయినా ఫికర్ లేదు. కండ్లకు గంతలు కట్టి, నోట్ల ముళ్ల కళ్లెం ఏస్తే పదిరోజులల్ల దారికొస్తది."

ఆయన చెడ్డవాడేమీ కాదు. ఆ రాత్రి మాకు అన్నం పెట్టి, పడుకోవడానికి చోటిచ్చాడు. తన గుర్రాలను బిడ్డల్లా చూసుకునేవాడు. కానీ ముళ్ల కళ్లెం మాట వినగానే బాబాయి చెయ్యి చమేలీ మూతి మీదకు వెళ్లింది. పొద్దున్నే లేచి, "వద్దులెండి భాయ్. దీనికి ఈ వయసులో కొత్త పాఠాలు కష్టం," అని సెలవు తీసుకున్నాడు.

రెండో రోజు నర్సాపూర్ వైపు వెళ్లే దారి పట్టాం. లారీలు తగ్గిపోయాయి. రెండు పక్కలా జొన్నచేలు, మధ్యమధ్య కుంటలు. చమేలీ నడక కూడా తేలికపడింది. "ఇక్కడా కుదరకపోతే ఏం చేద్దాం బాబాయ్?" అని అడిగాను. "కుదురుతుందిలే వరం," అన్నాడు, నా వైపు చూడకుండా.

హత్నూరలో నర్సింహారెడ్డి ఇంటికి చేరేసరికి మిట్టమధ్యాహ్నమైంది. ఆయనకు కాలు దెబ్బతిని, బావి దగ్గరి పొలానికి పోయి రావడానికి గుర్రం కావలసి వచ్చింది. జొన్నరొట్టె, పచ్చిపులుసు పెట్టి మమ్మల్ని బాగా చూసుకున్నారు. ఆ ఇంట్లోనే ఆయన అక్క సత్తెమ్మ ఉండేది. భర్త పోయాక పుట్టింటికి వచ్చి, చుట్టుపక్కల ఊళ్లలో కాన్పులు చేసేది. మోకాళ్లు పట్టేసి, గోడ పట్టుకుని లేస్తోంది.

తిన్నాక నర్సింహారెడ్డి చమేలీ ఎక్కి పొలానికి బయలుదేరాడు. కనుచూపు మేరలో కలుపు తీస్తున్న కూలీలు పటేలా అంటూ చేతులెత్తారు. అది ఆగింది. ఆయన అదిలించాడు. నాలుగడుగులేసి మళ్లీ ఆగింది. ఎండలో చెమటలు కక్కుతూ వెనక్కి వచ్చాడు.

"ఏమనుకోకుండ్రి. గిట్లయితే నేను బాయి కాడికి పోయేటాళ్లకు పొద్దు గుంకుతది. నాకు పనికి రాదు," అన్నాడు.

బాబాయి పశువుల కొట్టం అరుగు మీద కూలబడ్డాడు. తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ ఉండిపోయాడు. అది చెమట కాదని నాకు తెలుసు. తిరిగి నడిచి వెళ్తే అక్కడ ఉన్నది ఇటుక బట్టీ ఒక్కటే.

అప్పుడే పక్క గూడెం నుంచి ఒకాయన రొప్పుతూ వచ్చాడు. భార్యకు పొద్దున నుంచి నొప్పులు, బిడ్డ అడ్డం తిరిగినట్టుంది, సత్తెమ్మ రావాలి అన్నాడు. ఇంట్లో ఎడ్లబండి సంతకు పోయింది. సత్తెమ్మ లేవబోయి, మోకాలు పట్టుకుని మళ్లీ కూర్చుంది. చమేలీ వైపు చూసింది.

"సారూ, గిది నన్ను మోస్తదా?"

బాబాయి దిగ్గున లేచాడు. గోనెసంచి మడిచి వీపు మీద వేసి, అరుగు పక్కన నిలబెట్టి, ఆమెను ఎక్కించాడు. కళ్లెం తను పట్టుకున్నాడు. గూడెం దారిలో ఆ ఎండలో మనిషి జాడ లేదు. చెయ్యి ఎత్తేవాళ్లు లేక చమేలీ ఎక్కడా ఆగలేదు. సత్తెమ్మ కుదుపుకు తూలకుండా, ఏళ్ల తరబడి ప్రయాణికులను మోసిన సమమైన నడకతో పోయింది. వెనక నేనూ ఆ మనిషీ దాదాపు పరుగెత్తాం. గుడిసె బయట మేము కూర్చున్నాం. లోపలి కేకలు వింటూ ఆ మనిషి చమేలీ జూలు పట్టుకుని నిలబడ్డాడు. అది కదల్లేదు. చాలాసేపటికి పసిబిడ్డ ఏడుపు వినబడింది. ఆడపిల్ల. తల్లీ బిడ్డా క్షేమం.

తిరిగి వచ్చేటప్పుడు ఎండ చల్లబడింది, జనం బయటికి వచ్చారు. గుర్రం మీద సత్తెమ్మను చూసి గుమ్మాల్లో ఆడవాళ్లు నవ్వుతూ చెయ్యి ఎత్తడం, చమేలీ ఆగడం. ఆగిన చోటల్లా సత్తెమ్మ పలకరించింది. ఒకచోట బాలింత పాలు పడడం లేదని చెప్పుకుంది. మరోచోట ఒకామె బిడ్డ ఒళ్లు కాలుతోందని తెచ్చి చూపించింది. బాబాయికి సిగ్గు వేసి, "ఇదే దీని చిక్కమ్మా," అన్నాడు.

"చిక్కేంది సారూ? నడిచిపోతే నొప్పికి తల దించుకోని పోతుంటి. ఎవలు పిలిచినా ఆగబుద్ధి కాకపోతుండె. గిదే నాకు మంచిగున్నది," అంది సత్తెమ్మ.

ఇంటి ముందు నర్సింహారెడ్డి నిలబడి ఉన్నాడు. "అక్కా, దిగు జల్దీ. ఆడిది గుర్రమెక్కి తిరిగితే ఊళ్లె నవ్వుతరు," అన్నాడు.

"నవ్వనీ. నవ్వెటోళ్లల్ల సగం మంది నా చేతుల మీద పుట్టినోళ్లే," అంది ఆమె గుర్రం దిగకుండానే. "నువ్వు గూడ నా చంకనెక్కి తిరిగినోనివే గదరా. కొట్టంల జెర జాగ చెయ్యి, దీన్ని కట్టాలె."

నర్సింహారెడ్డి ఇంకేదో అనబోయి, అక్క మొహం చూసి, కొట్టంలోకి వెళ్లి దూడను పక్కకు కట్టాడు.

బాబాయి తన అలవాటు ప్రకారం మర్నాడు మధ్యాహ్నం దాకా అక్కడే ఉండి అన్నీ చూశాడు. కొట్టం పైకప్పు సందును తనే సరిచేశాడు. మేము బస్సు ఎక్కి, సంగారెడ్డిలో మారి, చీకటి పడేలోపు ఇల్లు చేరాం. రెండు రోజులు నడిచిన దారి కొన్ని గంటల్లో వెనక్కి పోయింది. బాబాయి దారంతా కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు.

ఆ తరవాత రెండేళ్లకు ఇద్దరం మళ్లీ హత్నూర వెళ్లాం. చమేలీ సత్తెమ్మ గుమ్మం ముందు నిలబడి ఉంది. ఒళ్లు నునుపు తేలి, మెడలో పూసల దండ. బాబాయి దగ్గరికెళ్లి పేరు పెట్టి పిలిచాడు. చమేలీ ఆయన చేతిలోని బెల్లం ముక్క తిన్నది. అరచెయ్యి ఒకసారి వాసన చూసింది. లోపల సత్తెమ్మ దగ్గు వినబడగానే చెవులు రిక్కించి, మెడ అటు తిప్పేసింది. ఇంక మా వైపు చూడలేదు. తిరుగు బస్సులో చాలాసేపటికి బాబాయి, "నన్ను గుర్తుపట్టలేదు వరం," అన్నాడు. సంగారెడ్డి వచ్చాక ఆయనే మళ్లీ, "మంచిదే. అక్కడ దానికి ఏ లోటూ లేదన్నమాట," అని, సీటుకు తల ఆనించి కళ్లు మూసుకున్నాడు.

బాబాయి ఇప్పుడు లేడు. పటేల్‌గూడలో ఆ షెడ్డు ఉన్న చోట ఏ ఇల్లు లేచిందో కూడా గుర్తుపట్టలేను. ఒక గుర్రానికి ఇల్లు చూడడమంటే దాన్ని వదిలించుకోవడమని అంతకుముందు అనుకునేదాన్ని. మనల్ని మరిచిపోయేంత సుఖంగా ఉండే చోటుకు మనంతట మనమే నడిపించుకుని వెళ్లడమని ఆ బస్సులో తెలిసింది. అది ఎంత కష్టమో కూడా అప్పుడే తెలిసింది.

అలాంటి గుర్రాన్ని తెచ్చుకోవాలనుకునే వాళ్లకు ఒక్క సలహా. అది ఇన్నాళ్లూ తిన్న మేతను ఒక మూట అడిగి తెచ్చుకోండి. మీ మేతను అందులో రోజూ కొంచెం కొంచెంగా కలుపుతూ, వారం పది రోజుల్లో మార్చండి. ఒక్కసారిగా మారిస్తే గుర్రానికి కడుపునొప్పి వస్తుంది, ప్రాణం మీదకూ వస్తుంది. అడగడానికి మొహమాటపడకండి. గుర్రాన్ని సాగనంపే ఆ పూట ఇచ్చేవాళ్ల చేతులకు ఏదో ఒక పని కావాలి. ఆ మూట వాళ్లనే కట్టనివ్వండి.