అన్నం మాడకముందు

బాబాయి పోయాడని మొన్న శుక్రవారం ఫోనొచ్చింది. బహ్రెయిన్‌లో, మామీర్‌లోని మా క్యాంపు మెస్సులో పన్నెండేళ్ళు వండి, రెండేళ్ళ క్రితం కాకినాడ దగ్గరి సొంతూరికి వెళ్ళిపోయిన మనిషి. నాకు చుట్టం కాదు. అయినా ఆ రోజు నాకు ముద్ద దిగలేదు.

గల్ఫ్‌లో ఉన్నవాళ్ళకి చెప్పక్కర్లేదు, ఇక్కడ సెలవు శుక్రవారం కాబట్టి మా ప్రార్థన కూడా ఆ రోజే. మెస్సు బల్లలు గోడవారకి జరిపి చాపలు పరిచేవాళ్ళం. పాస్టరు లేడు గనక బాబాయే వాక్యం చెప్పేవాడు. ఆయనకి ప్రవక్తలంటే ప్రాణం. నీనెవె పట్టణాన్ని నాశనం చేస్తానన్న దేవుడు, జనం మారేసరికి ఆ పని మానుకున్నాడని చెప్పేటప్పుడు గొంతు మెత్తబడేది. అంటే దేవుడు కూడా మాట తప్పుతాడన్నమాట అని నేనోసారి ఎగతాళి చేశాను. వంటాయన కదా, వంట భాషలోనే జవాబిచ్చాడు.

“అన్నం పూర్తిగా మాడకముందే వాసనొస్తాది అబ్బాయ్. ఆ వాసనే దయ. పొయ్యి కట్టెయ్యడం మన చేతిలో పని.”

కొన్నాళ్ళకి ఆ మాట నా మీదికే వచ్చింది. సైటులో పెద్ద పంపొకటి పైకెత్తాలి, దాన్ని క్రేనుకి కట్టింది నేను. తొందరలో బెల్టు సరిచూడలేదు. పంపు జారిపడి పగిలింది. పక్కన నిలబడ్డ బీహారు భాయ్ మీద నేరం మోపి, కంపెనీవాళ్ళు అతన్ని ఇంటికి పంపేస్తామన్నారు. నేను నోరెత్తలేదు. ఆ శుక్రవారం ప్రార్థనలో వెక్కివెక్కి ఏడ్చాను. నా మీదికి ఆత్మ దిగిందనుకుని అందరూ స్తోత్రాలు మొదలెట్టారు. బాబాయి మాత్రం నన్ను గిన్నెలు తోమే చోటికి తీసుకెళ్ళి సంగతి రాబట్టాడు.

“నీనెవె వాళ్ళు ఏడుస్తా గోనెపట్ట కట్టుకున్నారని కాదురా, చెడ్డపని మానేశారని దేవుడు ఆగాడు. ఏడ్చింది చాలుగానీ, రేపు పొద్దున్నే ఆఫీసుకెళ్ళు.”

నన్ను పంపేస్తారేమో అన్నాను. ఉత్తుత్తి ధైర్యం చెప్పే మనిషి కాదు. ఏమో, తనకేం తెలుసన్నాడు. వెళ్ళడం మాత్రం తప్పదన్నాడు.

వెళ్ళి చెప్పాను. భాయ్ ప్రయాణం ఆపేశారు. నన్నూ ఊరికి పంపలేదుగానీ, క్రేను పని తీసేసి ఏడాదిపాటు యార్డు ఊడిపించారు. న్యాయమే. ఆయన ఆ రోజు నన్ను ఓదార్చి ఊరుకుని ఉంటే ఈపాటికి నేనెలాంటి మనిషినయ్యేవాణ్ణో అని ఇప్పటికీ భయమేస్తుంది.

ఆ పొద్దున నేను ఆఫీసు నుంచి క్యాంపుకొచ్చేసరికి బీహారు భాయ్ సామాను సర్దేసుకుని, ఎయిర్‌పోర్టు బండి కోసం మెట్ల మీద కూర్చున్నాడు. సంగతి అతనికింకా తెలీదు. బాబాయి నా మొహం చూసి, అతని పెట్టె నెత్తికెత్తుకున్నాడు. “యల్లా భాయ్” అని, పదమన్నట్టు తలూపి మెట్లెక్కసాగాడు. భాయ్ ఏమీ అర్థంకాక, ఖాళీ చేతులతో ఆయన వెనకే తన గదికి ఎక్కాడు.